కొంగకి పెట్టిన చేప

శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేటలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, పక్కింటి బెంగాలీ దీదీ నన్ను భోజనానికి పిలిచింది. రైల్వే తెలుగువాళ్ల మధ్య పెరిగిన మనిషి, మన మాట బాగానే వచ్చు గాని, నన్ను పిన్నీ అనడానికి మాసీ అనే అంటుంది. చిత్తడి నేలల్లో బతికే సారస కొంగల్ని కాపాడే సంఘంలో పని చేస్తుంది.

"చెరువులు పూడ్చి ప్లాట్లు వేసేస్తన్నారు మాసీ. ఉన్న ఒక్క జంటలో మగకొంగ కరెంటు తీగ తగిలి చచ్చిపోనాది. ఆడది తిండి మానేసినాది," అంటూ కళ్లు తుడుచుకుంది. "దాని కోసం నీళ్లలో చేపపిల్లల్ని వదిలినాం. నిన్న ఒకటి తిన్నాది! అందరం చప్పట్లు కొట్టినాం."

నాకూ సంతోషం వేసింది. ఆవ పెట్టిన చేపల పులుసు వాసనకి ఇంకా సంతోషం వేసింది. తీరా కంచాలు వచ్చాక చూస్తే దీదీకీ, వాళ్లాయనకీ చేప. నాకూ, దీదీ వాళ్లమ్మకీ బంగాళాదుంప కూర.

"నాకేటి, చేప నేదా?"

దీదీ ఇబ్బంది పడింది. "మాలో మొగుడు పోయిన ఆడాళ్లకి చేప పెట్టరు మాసీ. నాన్న పోయినకాడి నుంచి మా అమ్మ కూడా ముట్టనేదు. పెడితే మీకు అవమానమని..."

"నా మొగుడు పోయినాడు గాని నా నాలుక పోనేదు దీదీ. మాకలాటి పట్టింపు నేదు. అయినా నీ కొంగకి మాత్రం మొగుడున్నాడేటి?"

దీదీ నా కంచంలో పెద్ద ముక్క వేసింది. తెలుగు రాదనుకున్న వాళ్లమ్మ, తల ఎత్తకుండానే, తన కంచం కూడా కాస్త ముందుకి జరిపింది. గరిటె గాల్లో ఆగిపోయింది. చాలాసేపటికి ఒక ముక్క పడింది.

ముసలమ్మ తిన్నది. ఈసారి చప్పట్లు ఎవరూ కొట్టలేదు.