పటమట హాస్టల్లో ఫొటో కంచం

ఛాయాదేవి గారు ఎవర్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాల ప్యాకెట్టు చేతిలోకి రాగానే అరచేతిలో పెట్టుకుని బరువు చూసుకుంటారు. బెండకాయ కొస విరిచి చూస్తారు. అది పుటుక్కున విరిగితే ఇంకా అనుమానం. కూరగాయలవాడు పైన లేతవి పెట్టి అడుగున ముదురువి సర్దుంటాడని బుట్ట అడుగుదాకా కెలుకుతారు. గుళ్ళో ప్రసాదం పెట్టినా ఓసారి వాసన చూశాకే నోట్లో వేసుకుంటారని పటమటలో వాళ్ళ వీధంతా చెప్పుకుంటుంది. అందులో కాస్త కల్పించింది ఉందేమో గానీ, మొత్తం అబద్ధమైతే కాదు.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. కూచిపూడి దగ్గర పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తల్లో, అత్తగారు బియ్యం డబ్బాలో బియ్యం మీద వేలితో గీత గీసి మూత పెట్టేవారట. ఎవరు గుప్పెడు తీసినా గీత చెదురుతుందని. మొదటిసారి ఆ గీత చూసి ఛాయాదేవి గారు పెరట్లోకి వెళ్ళి ఏడ్చారు. ఇప్పుడు అత్తగారు లేరు, ఆ డబ్బా లేదు. హాస్టల్ బియ్యం డ్రమ్ములో గీత మాత్రం ఉంది. గీసేది ఈవిడే.

భర్త వెంకటకృష్ణారావు గారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మూడంతస్తుల ఇంటిని ఆడపిల్లల హాస్టల్‌గా మార్చారు. పైన గదులు, కింద భోజనాల హాలు, దాని వెనక వంటిల్లు. వంట శౌరమ్మది. వడ్డన మాత్రం ఛాయాదేవి గారిదే. గరిటె ఇంకొకళ్ళ చేతికిస్తే కూరంతా ముందొచ్చినవాళ్ళకే అయిపోతుందని ఆవిడ భయం.

ఏటా వానాకాలంలో ఇంజనీరింగ్‌లో చేరిన కొత్త పిల్లలు దిగుతారు. పెట్టెలు, పరుపులు, పచ్చడి సీసాలు, వెనక తల్లిదండ్రులు. వాళ్ళలో గేటు దగ్గర వలవలా ఏడ్చేవాళ్ళ గురించి ఈవిడకు బెంగ లేదు. ఏడ్చినవాళ్ళకు ఆకలేస్తుంది, తింటారు, కుదురుకుంటారు. ఈ ఏడు అవనిగడ్డ నుంచి వచ్చిన అపూర్వ ఏడవలేదు. తల్లి రమాసుందరి టీచరు. ఆవిడే కళ్ళు తుడుచుకుంటుంటే కూతురు నవ్వుతూ చెయ్యి ఊపింది. లోపలికొచ్చి ఛాయాదేవి గారికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ఈ కాలం పిల్లకు ఇంత మర్యాద ఎక్కడిదని అప్పుడే ఈవిడకు అనుమానం మొదలైంది.

ఆ తర్వాత ఫొటోలు మొదలయ్యాయి.

రాత్రి భోజనానికి అపూర్వ అందరికంటే ఆఖర్న వచ్చేది. కంచం నిండా పెట్టించుకుని కిటికీ పక్కన మూల బల్ల దగ్గరికి వెళ్ళేది. మంచినీళ్ళ గ్లాసు పక్కకు జరిపి, సెల్లు పైకెత్తి, కంచాన్ని ఫొటో తీసేది. నచ్చకపోతే ఊరమిరపకాయను ఇటు నుంచి అటు పెట్టి ఇంకోటి తీసేది. పొద్దున టిఫిన్‌కీ అదే వరస.

ఛాయాదేవి గారి గుండెల్లో రాయి పడింది. కారణం లేకపోలేదు. కిందటేడు ఎవరో సాంబారులో పురుగుందని ఫొటో తీసి పిల్లల గ్రూపుల్లో పెట్టారు. అది పురుగు కాదు, ఇంగువ ముక్క అని ఈవిడ ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. చెబితే వినేదెవరు? గదులు సగం ఖాళీ అయ్యాయి, వెనక వీధిలో కొత్తగా పెట్టిన హాస్టల్ నిండింది. ఈ పిల్లను కూడా ఆ వెనక వీధావిడే పంపిందని తేల్చేసుకున్నారు.

"అవనిగడ్డ పిల్లకి వెనక వీధితో ఏం పనే?" అన్నారు వెంకటకృష్ణారావు గారు పేపరు మడుస్తూ.

"అవనిగడ్డలో సెల్‌ఫోన్లు పన్జెయ్యవేంటండీ? మీరట్టా పేపరు చదూకుంటా కూర్చోండి. కొంప మునిగాక లేద్దురుగాని."

దానికి విరుగుడు కూడా ఆవిడే కనిపెట్టారు. ఫొటోలో పడేది కంచమైతే, ఆ కంచంలో తప్పు పట్టడానికి ఏమీ ఉండకూడదు. అప్పట్నుంచి అపూర్వ కంచంలో ముద్దపప్పు మీద గుంట చేసి నెయ్యి పోసేవారు. దొండకాయ వేపుడులో ఎర్రగా వేగినవి ఏరి మరీ వడ్డించేవారు. గడ్డపెరుగు మీద మీగడ పొర ఆ పిల్లకే. అనుమానం పెరిగినకొద్దీ నెయ్యీ పెరిగింది. మిగతా పిల్లలు గుసగుసలాడారు, ఆంటీకి అపూర్వ చుట్టమేమోనని. ఆ పిల్ల మాత్రం వద్దనేది కాదు. నవ్వి, థ్యాంక్స్ చెప్పి, ఫొటో తీసుకునేది.

అంత నెయ్యి తిన్న పిల్ల ఒళ్ళు చేయాలి కదా. దసరా దగ్గరపడేసరికి అపూర్వ చేతి గడియారం మోచేతి దాకా జారడం మొదలెట్టింది. కాలేజీ బస్సు కోసం నడుస్తుంటే వీపు మీది బ్యాగే ఆ పిల్లను తోసుకెళుతున్నట్టుండేది. ఛాయాదేవి గారు డ్రమ్ములో గీత చూశారు, బియ్యం లెక్క ప్రకారమే దిగుతోంది. చెత్తబుట్ట చూశారు, కంచాల ఎంగిలి పెద్దగా లేదు. అన్నం ఖర్చవుతోంది, పిల్ల తరిగిపోతోంది. అయితే ఇదేదో పెద్ద పన్నాగమే. రేపు ఏ డాక్టరు దగ్గరికో వెళ్ళి, ఈ హాస్టల్ తిండి తినే ఇలా అయిపోయానని చెబితే ఇంకేమన్నా ఉందా? ఆ మాట బయటికి రాకముందే తల్లితో తేల్చుకోవాలనుకుని, నడుముకు కొంగు చుట్టి, పోట్లాటకు సిద్ధమై అవనిగడ్డకు ఫోన్ చేశారు.

రమాసుందరి గారు ఈవిడను నోరు తెరవనిస్తే కదా. మీకు చేతులెత్తి మొక్కాలండీ అని మొదలెట్టారు. పూటపూటకీ మా అమ్మాయి కంచం ఫొటో పెడుతుంది, తిన్నాక ఫోన్ చేసి తిన్నానని చెబుతుంది, ఆ నెయ్యి చూసి మా స్కూల్లో టీచర్లంతా కుళ్ళుకుంటున్నారు, ఇంట్లో కాకరకాయ ముట్టని పిల్ల మీ దగ్గర అన్నీ తింటోంది, నా ప్రాణం హాయిగా ఉంది. ఇలా చెప్పుకుపోయారు.

ఫోన్ పెట్టేశాక ఛాయాదేవి గారు సంతోషించి ఉండాల్సింది. వెనక వీధి గొడవ లేదని తేలింది, పైగా మెచ్చుకోలు. కానీ మెచ్చుకోలును కూడా వాసన చూసే మనిషాయె. తల్లి కంచం చూసి మురిసిపోతోంది, సరే. మరి ఆ కంచం తింటున్నదెవరు?

ఆ రాత్రి వడ్డన అవగానే వంటింటి తలుపు చాటున నిలబడ్డారు. అపూర్వ ఫొటో తీసింది. సెల్లు పక్కన పెట్టింది. అన్నం కలిపింది, వేళ్ళు కంచంలోనే ఉండిపోయాయి. అటూ ఇటూ చూసి కంచం నెమ్మదిగా ఎదురు పిల్ల వైపు తోసింది. ఆ ఎదురు పిల్ల సుస్మిత, రెండో సంవత్సరం, అదే గది. సుస్మిత తన ఖాళీ కంచం ఇటు జరిపి నిండుది అటు లాక్కుంది.

ఓహో, ఇదా సంగతి అనుకున్నారు ఛాయాదేవి గారు. సీనియర్ పిల్ల కొత్తపిల్ల కూడు లాక్కుంటోంది. మర్నాడు పొద్దున్నే మెట్ల మీద సుస్మితను అడ్డగించారు.

"ఏమ్మా, నీకు రెండు కంచాలు కావాలా? కొత్తపిల్లని బెదిరించి తింటన్నావా?"

సుస్మిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను లాక్కోవట్లేదాంటీ. అదే తినమంటది. నేను తినకపోతే డస్ట్‌బిన్లో వేసేస్తానంటది. మీరేమో డస్ట్‌బిన్ కూడా చూస్తారు. దొరికిపోద్దని నేనే తింటన్నా. నాకు ఒక్క డ్రెస్సూ పట్టట్లేదు."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. అయినా మీకు చెప్తే నన్నే అనుమానిస్తారని భయం."

ఆ మాట ఛాయాదేవి గారికి గట్టిగానే తగిలింది. పక్కకు జరిగి దారిచ్చేశారు.

ఆదివారం పిల్లలంతా షాపింగుకని బీసెంట్ రోడ్డుకు వెళ్ళారు. అపూర్వ తలనొప్పని గదిలో ఉండిపోయింది. ఛాయాదేవి గారు పైకెళ్ళి మంచం మీద ఓ పక్కగా కూర్చున్నారు. ఏదో ఒక అబద్ధం చెబుతుంది, పట్టుకుందామని చూశారు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. అలసిపోయినట్టుంది.

క్లాసులో చెప్పేది అర్థం కావట్లేదంది. పక్కవాళ్ళందరూ గబగబా రాసేస్తుంటారు, అర్థం కానిది తనొక్కదానికేనేమో. స్కూల్లో ఎప్పుడూ తనే ఫస్టు, ఇక్కడ తనెవరో ఎవరికీ తెలీదు. హాలు నిండా అందరూ నవ్వుకుంటూ తింటుంటే ఎవరి పక్కన కూర్చోవాలో తోచదు.

"అన్నం ముందు కూర్చుంటే గొంతు దగ్గర ఎవరో పట్టుకున్నట్టు ఉంటది ఆంటీ. అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా అంటది. తిన్నానంటే ఇంకేం అడగదు. అందుకని తిన్నాననే చెప్తన్నా."

"మరి ఆ చెప్పేదేదో నిజం చెప్పొచ్చు కదమ్మా."

"వద్దాంటీ. మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. ప్లీజ్, మీరు చెప్పకండి."

కిందికొచ్చి భర్తతో చెబితే, ఆయన వెంటనే తల్లిని పిలిపించి పిల్లను పెట్టెతో సహా పంపెయ్యమన్నారు. రేపేదన్నా జరిగితే హాస్టల్ పేరు పోతుందన్నారు. అన్నదాంట్లో తప్పేం లేదు. ఇంకొకప్పుడైతే ఛాయాదేవి గారే ఆ మాట ముందనేవారు. కానీ తీసుకెళ్ళాక ఆ తల్లి ఏం చేస్తుంది? ఎదురుగా కూర్చుని ముద్దలు కలిపి పెట్టి, తిన్నావా తిన్నావా అంటుంది. ఆ పిల్ల తిన్నాననే అంటుంది. ఈవిడ అత్తారింట్లో కొత్తకోడలిగా ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా చెప్పింది కూడా అదే, బాగున్నానని.

ఆలోచించి పిల్లతో బేరం పెట్టారు. నేను మీ అమ్మకు చెప్పను, నువ్వే చెప్పాలి. చెప్పేదాకా రెండు పనులు చెయ్యి. కాలేజీలో కొత్తపిల్లల బాధలు వినడానికి పెట్టిన మేడంగారి దగ్గరికి నాతో రా. సాయంత్రం పూట వంటింట్లోకి రా.

ఆ మేడంగారి గది బోర్డు అపూర్వ చూసింది గానీ, లోపలికి వెళుతుంటే ఎవరైనా చూస్తారని భయపడింది. ఛాయాదేవి గారికి ఆ మేడం మీద బోలెడు అనుమానం. కూర్చోబెట్టి మాట్లాడినంత మాత్రాన బాధలు తీరితే డాక్టర్లెందుకు? అయినా కాలేజీ బస్సెక్కి పిల్లతో వెళ్ళి, గది బయట బెంచీ మీద చెవి రిక్కించుకుని కూర్చున్నారు. అపూర్వ ఎర్రటి కళ్ళతో బయటికొస్తే లోపలికి దూసుకెళ్ళి, పిల్లనేం చేశారని అడిగారు. మేడం నవ్వి, ఏడవనిచ్చానంది. ఇలా చాలామంది వస్తారని, మళ్ళీ తీసుకురమ్మని, ఓసారి డాక్టరుకు చూపించి రక్తపరీక్ష కూడా చేయించమని చెప్పింది. పిచ్చి అని ఎక్కడా రాయరు కదా అని ఈవిడ తిప్పితిప్పి అడిగారు. మేడం ప్రతిసారీ ఓపిగ్గా లేదంది. అంత ఓపికేవిటో అని దారంతా అనుమానపడుతూనే వచ్చారు.

వంటింట్లో మాత్రం ఈవిడ ఎవర్నీ సలహా అడగలేదు. పొయ్యి దగ్గరికి అపూర్వను పిలిచి, "అరచెయ్యి పట్టు. ఈ శౌరమ్మ ఉప్పు మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూసి చెప్పు," అన్నారు.

శౌరమ్మకు చుర్రుమంది. ఇన్నేళ్ళుగా లేని అనుమానం ఇప్పుడేంటి అమ్మగారూ అనబోయి, చాచిన ఆ పిల్ల మణికట్టు చూసి నోరు మూసుకుంది. గరిటెతో పప్పుచారు చుక్క అరచేతిలో వేసింది. అపూర్వ నాకి చూసింది. తిండైతే వద్దనేదే, ఇది పని కదా. ఆ మరుసటి రోజు దోసకాయ ముక్క. ఆ పైన, మెతుకు ఉడికిందో లేదో చూడమని గుప్పెడన్నం. ఓ రోజు శౌరమ్మ కావాలనే కూరలో ఉప్పు వెయ్యలేదు. అపూర్వ ముక్క నమిలి, మొహం చిట్లించి, చప్పగా ఉందంది. ఆ హాస్టల్లో అడుగుపెట్టాక రుచి గురించి ఆ పిల్ల అన్న మొదటి మాట అదే. శౌరమ్మ అటు తిరిగి పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంటే, ఉల్లిపాయలు కొయ్యకుండానే ఆ కన్నీళ్ళేంటని ఛాయాదేవి గారు కసిరారు.

రోజులు గడిచాక అపూర్వ సుస్మిత పక్కన కూర్చుని నాలుగు ముద్దల పెరుగన్నం తినేదాకా వచ్చింది. ఎక్కువ పెడితే గొంతు మళ్ళీ పట్టేస్తుందని తనే చెప్పి, కొంచెమే పెట్టించుకునేది. ఫొటో మానలేదు. ఆ కొంచెమే ఫొటో తీసి తల్లికి పంపేది. తిన్నానని చెప్పేది. ఇప్పుడది నిజం.

ఒక సాయంత్రం అవనిగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. ఛాయాదేవి గారి చేతులు గోధుమపిండిలో ఉన్నాయి, శౌరమ్మ స్పీకరు నొక్కింది. అపూర్వ పొయ్యి దగ్గరే ఉంది.

"ఏవండీ ఛాయాదేవి గారూ," రమాసుందరి గారి గొంతు గట్టిగానే ఉంది. "మొదట్లో నెయ్యి పోసి చూపించి, పిల్లలు కుదురుకున్నాక ఇట్లా చేస్తారా? మా అమ్మాయికి గుప్పెడన్నం, కాస్త పెరుగు పెడతన్నారే. అది అడిగే పిల్ల కాదని లోకువా? ఈ ఫొటోలు నేను పేరెంట్స్ గ్రూపులో పెడితే మీ హాస్టల్ పేరేమవుద్దో ఆలోచించుకోండి."

కిందటేటి నుంచి ఏ మాటకు భయపడి నెయ్యి పోసి, తలుపు చాటున నక్కి చూశారో, ఆ మాట అదే. ఒక్క ముక్కలో తిప్పికొట్టొచ్చు. ఛాయాదేవి గారు నోరు తెరిచారు. అపూర్వ వైపు చూశారు. మూసుకున్నారు.

"మీరన్నది నిజమేనండి," అన్నారు. "ఈమధ్య తక్కువే పెడతన్నా."

శౌరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అపూర్వ అరచెయ్యి చున్నీకి తుడుచుకుని, బల్ల మీది ఫోన్ అందుకుంది.

"అమ్మా, ఆంటీ తప్పేం లేదు. నేను ఈమధ్యే తింటన్నా. అంతకుముందు నువ్వు చూసినవేవీ నేను తినలేదు."

ఈసారి రమాసుందరి గారు అడిగిన మాట తిన్నావా కాదు.

"ఏమైందమ్మా?"

అపూర్వ స్పీకరు తీసేసి, ఫోన్ చెవికి పెట్టుకుని పెరటి వసారాలోకి వెళ్ళింది. ఛాయాదేవి గారు చేతులు కడుక్కున్నారు. పిల్ల కోసం తీసి ఉంచిన అన్నం మీద మూత పెట్టారు. ఆ తర్వాత, మొత్తం చెబుతోందో, సగమే చెప్పి మిగతాది దాచేస్తోందోనని చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వసారా తలుపుకు చెవి ఆనించారు.