చైనా నక్షత్రాలను రానివ్వని క్రిస్మస్

ఆ తీర్మానం ప్రవేశపెట్టింది నేనే. ఆ ఏడాది క్రిస్మస్‌కి మా సంఘంలో ఏ ఇంటి చూరుకీ చైనా నక్షత్రం వేలాడకూడదు. వేలాడదీసినవాళ్ళు తప్పు కింద సంఘం మొత్తానికి మేక మాంసంతో భోజనం పెట్టాలి. శిక్ష వినగానే సగంమంది, ఎవరైనా తప్పు చేస్తే బాగుణ్ణన్నట్టు చుట్టూ ఆశగా చూశారు.

దీనంతటికీ కారణం మా అన్నయ్య. పెదబయలు దాటి కొండెక్కితే వచ్చే మా ఊళ్ళో, ధాన్యం బుట్టలైనా, కోళ్ళ గంపలైనా, వాగులో చేపలు పట్టే బుట్టలైనా ఆయన చేతివే. తరవాత వారపు సంతకి ప్లాస్టిక్ టబ్బులు ఎక్కి వచ్చాయి. ఎర్రవి, నీలంవి, ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చునేవి. జనం వాటిమీద పడ్డారు. అన్నయ్య బుట్టలు మాత్రం ఇంట్లో అటక దాకా పేరుకుపోయాయి. వాటిని సంతకి తీసుకెళ్ళి పరిస్తే దాటుకుంటూ పోయేవారే తప్ప ఆగి చూసినవాళ్ళు లేరు.

ఈలోగా వదిన తమ్ముడు విశాఖలో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా అన్నయ్య పేరు చెప్పేశాడు. ఖాకీ చొక్కా, ఒక ఈల కూడా పంపించాడు. అన్నయ్య ఈల ఊది చూశాడు. ఊళ్ళో కుక్కలన్నీ పారిపోయాయి.

"కొత్త సంవత్సరం దాకా సూత్తాను సెల్లీ," అన్నాడు. "ఈలోగా నా సేతికి పని దొరికితే ఉంటాను. నేకపోతే ఎలిపోతాను."

మా అన్నయ్య వాగు చప్పుడు వినపడని చోట ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అక్కడ గేటు పక్కన కుర్చీలో కూర్చుని కార్లకి సలాం కొడతాడని తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే తీర్మానాలు చేస్తాను. బడిలో టీచర్ని, చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శిని. తీర్మానాలకి నాకు కొదవ లేదు.

మా ఊరికి చైనా నక్షత్రాలు తెచ్చి అమ్మే శావుకారు కూడా ఆ మీటింగుకి వచ్చాడు. అనకాపల్లి వైపునుంచి వచ్చి పెదబయలులో స్థిరపడ్డ మనిషి. దేవుడు వేరైనా, మా చర్చిలో కేకు కోస్తే ఆయన ఉండాల్సిందే.

"టీచరమ్మా, మీ కథలో నక్షత్రం తూర్పునే కదా కనపడింది?" అన్నాడు. "చైనా కూడా తూర్పే మరి."

"అప్పటికి మా అన్నయ్య పుట్టలేదు," అన్నాను. ఆయన కూర్చున్నాడు.

అసలు చిక్కు తరవాత వచ్చింది. విదేశం అంటే ఎక్కణ్ణుంచి అని ఒక ముసలాయన అడిగాడు. సముద్రం దాటితే అని కొందరు, ఘాట్ రోడ్డు దిగితే అంతా విదేశమేనని కొందరు. అలా అయితే రాజవొమ్మంగి నుంచి వచ్చిన పాస్టరుగారు కూడా దిగుమతే అవుతారని ఎవరో అన్నారు. పాపం ఆయన ముఖం పాలిపోయింది. ఆయన్ని మినహాయించాం. ఆ తరవాత మైకుసెట్టుని, కీబోర్డుని, బల్బుల్ని మినహాయించాం. కేకు సంగతి రాగానే చర్చే లేకుండా అందరూ చేతులెత్తారు.

నేను మాత్రం అక్కడితో ఆగలేదు. క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు పట్టుకొచ్చే బంగారం, సాంబ్రాణి, బోళం కూడా పరాయి సరుకే కాబట్టి వాటికి బదులు పసుపు, తేనె, కాఫీ గింజలు తేవాలన్నాను. పుట్టిన బిడ్డకి కాఫీ దేనికని ఒకామె అడిగింది. తల్లికి అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

ఇక చైనావాటికి బదులు అన్నయ్య వెదురు నక్షత్రాలు అల్లాలి. అన్నయ్య ఎప్పుడూ గుండ్రంగానే అల్లాడు. మూలలున్న వస్తువు ఆయన చేతిలో పుట్టలేదు.

"మూలెందుకే? గింజలు ఇరుక్కుపోవా?" అన్నాడు.

"నక్షత్రంలో గింజలెవరు పోస్తారు అన్నియ్యా?"

మొదటిది గుమ్మడికాయలా వచ్చింది. రెండోదాన్ని చూసి కోడిపెట్ట నేరుగా లోపలికెళ్ళి కూర్చుంది. చివరికి ఆయనకో ఉపాయం తట్టింది. మధ్యన గుండ్రటి బుట్ట అల్లి, దాని చుట్టూ ఐదు మొనదేలిన బుట్టలు కట్టాడు. వెనకవైపు బల్బు పెట్టడానికి ఒక మూతి వదిలాడు. రంగు కాగితం అంటించాక నిజంగా నక్షత్రమే. అన్నిటికన్నా పెద్దది చర్చికి ఇచ్చాడు. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది.

క్రిస్మస్ రోజు సాయంత్రం చర్చి నిండిపోయింది. పాట అయిపోయింది, నాటకం మొదలవ్వాలి. నక్షత్రంలో బల్బు వెలగడం లేదు. పాస్టరుగారు దాన్ని కొక్కెంనుంచి దింపి, వెనక మూతిలోంచి మోచేతిదాకా చెయ్యి పెట్టి బల్బు బిగించారు. వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. పాస్టరుగారు చెయ్యి తియ్యబోయారు. రాలేదు.

"అయ్యగారో, లాగకండి!" వెనకనుంచి అన్నయ్య కేక పెట్టాడు. "లాగితే బిగుసుకుపోతాది!"

అప్పుడర్థమైంది. మూతి అల్లే దగ్గరకి వచ్చేసరికి అన్నయ్య చేతులు అలవాటుగా చేపల బుట్ట మూతి అల్లేశాయి. బద్దల మొనలన్నీ లోపలి వైపుకే ఉన్నాయి. లోపలికెళ్ళిన చేప బయటికి రాదు. పాస్టరు కూడా రాడు.

ఎవరో కత్తి తెచ్చారు. పాస్టరుగారు అన్నయ్య ముఖం చూశారు. "కొయ్యొద్దు," అన్నారు. "ఆరాధన అయ్యాక చూద్దాం." ఆ ఒక్క మాటకి ఆయన్ని జన్మలో విదేశీ అనకూడదని నేను అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

చేతికి వెలుగుతున్న నక్షత్రంతోనే ఆయన ప్రసంగం చేశారు. ఆయనకేమో మాట్లాడేటప్పుడు చేతులు ఆడించే అలవాటు. నక్షత్రం ఇటు తిరిగితే పసుపు, తేనె, కాఫీ పట్టుకున్న జ్ఞానులు ఇటు పరిగెత్తారు. అటు తిరిగితే అటు. తేనె సీసా పట్టుకున్న గుంటడు గొర్రెలకాపరి మీద పడ్డాడు. ఒక ముసలమ్మ నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుండిపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతూ వెనక్కి చూస్తే అన్నయ్య లేడు.

చర్చి వెనక రాతిమీద కూర్చున్నాడు. జేబులోంచి ఈల తీసి తుడుస్తున్నాడు.

"ఊరంతా నవ్వీసింది," అన్నాడు. "ఇంకేటి సూసేది? రేపు బస్సుకి ఎలిపోతాను."

ఆ ఈల లాక్కోబోయాను. ఇవ్వలేదు.

ఆరాధన అయ్యాక ఆయనే లోపలికి వచ్చి, ఒక లావు వెదురు బొంగుని నిలువునా చీల్చి, పాస్టరుగారి చేతికిరువైపులా ఆ చెక్కలు దూర్చి బద్దల్ని నొక్కి పట్టి చెయ్యి విడిపించాడు. ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు నక్షత్రాన్ని తనింటికి తీసుకెళ్ళి వంటింట్లో బియ్యం బస్తా పక్కన పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఖాకీ చొక్కా వేసుకుని సంచీతో గుమ్మం దాటుతున్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంటోంది. నేను సంచీ పట్టుకుని లాగుతున్నాను. అంతలో పాస్టరుగారు నక్షత్రం ఎత్తిపట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. లోపల పిల్లి అంత పందికొక్కు అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇది నా బియ్యం ఎన్నాళ్ళనుంచి తింటోందో తెలుసా?" అన్నారు రొప్పుతూ. "ఇంకొకటి అల్లిపెట్టు. ఎక్కడికి, ఆ చొక్కా ఏంటి?"

మధ్యాహ్నానికి అన్నయ్య వాకిట్లో జనం. బడి పిల్లలకి చెయ్యి పెట్టి చూడాలని, పెద్దలకి ఎలకల్ని పట్టాలని, కొందరికి ఇంటికొచ్చే చుట్టాల మీద ప్రయోగించాలని. ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

సంక్రాంతి దాటకముందే శావుకారు జీపు మా ఊరెక్కింది. "నా నక్షత్రాలు ఆపినారు, మీ నక్షత్రాలైనా అమ్ముకోనీండమ్మా," అన్నాడు. అలా మొదలై అన్నయ్య నక్షత్రాలు ఏడాది పొడుగునా కొండ దిగి పల్లపు సంతలకి వెళ్ళాయి.

మొన్న క్రిస్మస్ ముందు మాత్రం జీపు దించని సరుకుతో వెనక్కి వచ్చింది. కింద సంతలో బుట్టలల్లేవాళ్ళంతా కూర్చుని, కొండ నక్షత్రాల్ని రానిస్తే మా పొట్ట కొట్టినట్టేనని, ఇక రానివ్వకూడదని కట్టడి చేశారట. ఒడిశా వైపు సంతలు ఉన్నాయి కదా అని శావుకారు సర్దిచెప్పబోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదెక్కడి అన్యాయం, చేతిపనివాళ్ళని ఆపుతారా అని కేకలేశాను. శావుకారు నా వంక అదోలా చూశాడు. నేను పట్టించుకోలేదు.

అన్నయ్య అల్లుతున్న బుట్ట పక్కన పెట్టాడు.

"నన్నా?" అన్నాడు. "నన్ను సూసి బయపడ్డారా?"

"అవునన్నియ్యా."

"ఒద్దనాలంటే ముందు ఆగి సూడాలి కదే, సెల్లీ," అన్నాడు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

ఆయన లేచి ఏడాదిగా దండెం మీదే ఉన్న ఖాకీ చొక్కా జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదాడు. ఊళ్ళో కుక్కలన్నీ మళ్ళీ పారిపోయాయి.