నాయనకు పెట్టిన సిగార్

బెంగళూరులో విదేశీ సిగార్లు అమ్మే కంపెనీలో, వాటి రుచి చూసి మార్కులు వేయడం నా ఉద్యోగం. నాయన పోయిన ఏడాదికి, పెద్దలకు పెట్టే రోజున గోరంట్ల దగ్గరి మా చేనికి వెళ్లాను. ఎండిపోయిన వేరుశనగ మధ్యలో ఆయన సమాధి. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టడం మా ఆచారం. ఆయనకు ఇష్టమైన సిగరెట్ బదులు, నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసిన సిగార్ వెలిగించి పెట్టాను.

కాసేపటికే ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. అది ఆరకుండా కాలితేనే పెద్దలు ముట్టినట్టు. అంతవరకూ ఎవరూ అన్నం తినరు.

"మీ నాయన ముట్టలేదప్పా. నీ మింద కోపముండాదో ఏమో" అనింది చిన్నమ్మ. బంధువులంతా నన్నే చూశారు.

సిగరెట్ దానంతటదే కాలుతుంది. సిగార్‌ను మాత్రం ఎవరో ఒకరు లాగుతూ ఉండాలి. నాయన ఎదుట నేనెప్పుడూ పొగ తాగలేదు. ఆ రోజు అందరి ముందూ దాన్ని నోట పెట్టుకుని దమ్ము లాగి, రాజుకున్నాక సమాధి మీద పెట్టాను.

"సరేలే, ముట్టినాడు. ఇంగ అన్నానికి రాండి" అంటూ చిన్నమ్మ అందరినీ తీసుకుపోయింది.

నేనొక్కణ్నే మిగిలాను. ఒక దమ్ము నాది, తర్వాతది ఆయనది. అలా చివరిదాకా కాల్చాం. ఏ సిగార్ ఎలా ఉందో చెప్పి బతికేవాణ్ని, ఆ రోజు మాత్రం "ఎట్లుండాది నాయనా?" అని ఆయన్నే అడిగాను.