హీరా గుహకు బ్రాంప్టన్‌లో ట్రైనింగ్

కాలు విరగ్గొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. అత్తగారికి నడక నేర్పబోయి విరగ్గొట్టుకున్నవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. పైగా ఆ సంగతి ఎక్కడిదాకా పోయిందో వింటే నవ్వాలో ఏడవాలో మీకు తోచదు. నవ్వండి, ఏమనుకోను.

మా అత్తమ్మది నంద్యాల దగ్గర పల్లె. మా ఇళ్లలో నమాజు అరబ్బీలో, పోట్లాటలు తెలుగులో. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కెనడా వచ్చి మా దగ్గరుంటున్న ఆవిడకు ఒకటే కోరిక. ఉమ్రా యాత్రకు వెళ్లినప్పుడు మక్కా పక్కనున్న కొండెక్కి, ప్రవక్తగారికి తొలి దైవవాణి అందిన హీరా గుహలో కాసేపు కూర్చోవాలి. ఆవిడకూ, నా భార్య నస్రీన్‌కూ, నాకూ టికెట్లు బుక్ చేశాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఆ కొండ మామూలుది కాదత్తమ్మా. ట్రైనింగ్ లేకపోతే సగంలో కూలబడతారు," అని భయపెట్టాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే నేర్పియ్యి నాయనా. అంత దూరం పోయి గుహ చూడకుండా వస్తే నా మనసు ఊరుకోదు."

ఇక నన్ను పట్టేదెవరు? యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి గురువునైపోయాను. కొత్త బూట్లు, రెండు చేతికర్రలు, వీపుకు నీళ్ల సంచి. మరి కొండో? బ్రాంప్టన్‌లో కొండ ఎక్కడినుంచి తేను! మా వెనక పార్కులో చలికాలం పిల్లలు మంచులో బల్లల మీద జారే గుట్ట ఒకటుంది. అప్పుడే మంచు కరుగుతూ అంతా బురద బురదగా ఉంది. దాన్నే హీరా కొండ అనుకోమన్నాను.

"ఈ కర్రలు పట్టుకోండత్తమ్మా."

"కర్రలు ముసలోళ్లకు నాయనా. నువ్వే పట్టుకో."

అని చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టి టకటకా పైకెక్కేసింది. నేను సగంలో ఆగి, రొప్పుతూనే, దాన్నీ పాఠం చేసేశాను. "చూశారా, ఇలా మధ్యమధ్యలో ఆగాలి!"

ఎలాగో పైకి చేరాక అసలు ఘనకార్యం మొదలైంది. "ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగడంలోనే ఉంది విద్యంతా. నా అడుగులు చూడండి!"

చూసింది పాపం. మొదటి అడుగు బాగానే పడింది. రెండోది ఎక్కడ పడిందో నాకిప్పటికీ తెలీదు. కర్రలు ఒకవైపు, నేనొకవైపు. కింద బెంచీ అడ్డం రాకపోతే పక్కూరు ఎటోబికోదాకా జారిపోయేవాణ్ణి.

పైనుంచి అత్తమ్మ గొంతు, ఎంతో శ్రద్ధగా: "ఇట్లనే దిగల్లా నాయనా?"

చీలమండ విరిగింది. కాలికి కట్టు. ప్రయాణం వారంలో ఉంది.

"నిన్నిట్లా వదిలి నేనెట్లా పోతా? గుహ లేదు, ఏం లేదు," అంటూ అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నా గొప్పలకు పోయేది ఆవిడ కోరిక. "మీరు వెళ్లకపోతే నా కాలు అతకదత్తమ్మా," అని బతిమాలి బామాలి తల్లీకూతుళ్లిద్దరినీ పంపించాను.

ఒక ఉదయం సోఫాలో కాలు దిండు మీద పెట్టుకుని బ్రెడ్డు నములుతుంటే వీడియో కాల్. అక్కడ సాయంత్రం. నస్రీన్ రొప్పుతోంది, అత్తమ్మ కాదు.

"నాయనా, చూడు, హీరా!"

ఆ రాళ్ల మధ్య చిన్న చోటు కనబడగానే బ్రెడ్డు పక్కన పెట్టేశాను. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. నేనూ అంతే.

అంతలో వెనకనుంచి ఎవరో, "అమ్మా, మీరు తెలుగోళ్లా? మేం గుంటూరు నుంచొచ్చాం!" అన్నారు. గుంపుకు గుంపే ఉన్నారు.

"మా అల్లుడయ్యా. నాకు కొండ దిగేది నేర్పిస్తా పడినాడు. ఆ కాలికోసం దువా చేయండి."

ఒక్కొక్కరే ఫోన్లోకి తొంగిచూశారు. "ఈయనేనా? ఎంత ఎత్తు కొండండీ?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "పిల్లోళ్లు జారే గుట్టలే!"

గుంటూరంతా నవ్వాపుకుంటూ చేతులెత్తి "ఆమీన్" అంది.

అలా నాకన్నా ముందే నా పరువు హీరా కొండెక్కింది. కాబట్టి, అతుక్కున్న ఈ కాలి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ అత్తగారికీ నడక నేర్పను. దిగడం అసలే నేర్పను. అల్లా పిలిచిననాడు నేనూ ఆ కొండెక్కుతాను, నోరు మూసుకుని, అత్తమ్మ వెనకాలే.