రన్‌వే మీద పడిన వాన

మా ఊరి పక్కన విమానాల బయలు ఉండాది. యుద్ధం కాలంలో పైలట్లకు విమానం నేర్పించేదానికి తెల్లోళ్లు కట్టినారంట. యుద్ధం అయిపోతానే వాళ్లు పోయినారు, సిమెంటు బాట మిగిలింది. ఇప్పుడు ఊరంతా దాని మీదనే శెనక్కాయలు ఆరబోస్తారు, పిల్లోళ్లు మోటర్ సైకిల్ నేర్చుకుంటారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆ బాట చేత మా తోటకు పని చేయించుకున్నది నేనే. చెప్పుకునేదానికి నాకేం సిగ్గు లేదు.

బయలు దిగువనే మా చీనీ తోట, బత్తాయి అంటారే, అదే. రెండేండ్లు సరిగా వానల్లేక బోరు ఎండిపాయ, బాయి అడుగున బురద మిగిలె. మా ఇంటాయన కట్టెల వ్యాపారిని పిలుచుకొచ్చి, నరికేదానికి గుర్తుగా చెట్టు చెట్టుకూ సున్నంతో గీత పెట్టిస్తాండాడు. బిడ్డల మాదిరి సాకిన చెట్లు. నేను అడ్డం పోయినా.

"ఒక్క వాన చూద్దాం. ఆమీద నరుకుదురు."

"పడితే మాత్రం ఏమొస్తాది? జానెడు తడుస్తాది, అంతే," అంటానే వ్యాపారిని అప్పటికి పంపేసినాడు.

ఆయన అన్నదీ నిజమే. కానీ నాకు మా మామ మాట గుర్తొచ్చింది. ఆయన పడుచుతనంలో ఆ బాటకు కంకర కొట్టిన కూలీ. "నీళ్లు నిలిస్తే విమానం జారుతాదని నడిమి ఎత్తు, పక్కలకు వాలు పెట్టించినారమ్మా. పక్కల రాతి కాలవ కట్టినాం," అని పోయేదాకా చెప్పేవాడు. ఆ కాలవను మా కాలంలో ఎవురూ చూడలేదు. గడ్డపార తీసుకొని పోయి అంచు వెంబడి మోకాల్లోతు తవ్వితే రాయి తగిలింది. దాని పక్కన ఇంకో రాయి. నిన్న పేర్చినట్లు బిగువుగా ఉండాయి.

నేనూ కోడలూ పొద్దున్నే పోయి కాలవలో మన్నంతా ఎత్తిపోసినాం. ఆడినుంచి మా బాయి దాకా కొత్త కాలవ తీసినాం, నీళ్లలో కొట్టుకొచ్చే మన్ను నిలిచేదానికి బాయి ముందర ఒక గుంత తవ్వినాం. శెనక్కాయలు ఆరబోసే ఆడోళ్లు నవ్వినారు.

"ఏమ్మా, మబ్బు తునక గూడా లేదు, యాడి నీళ్లకు కాలవ తీస్తాండావు?"

"నవ్వింది చాలుగానీ తలా ఒక తట్ట మన్ను ఎత్తి పోండి," అన్నా. ఒక్కతీ ఎత్తలేదు.

ఒకనాడు సాయంత్రం అరగంట గట్టిగా కురిసింది. సిమెంటు బాట మీది నీళ్లు ఎర్రగా ఉరుక్కుంటా వచ్చి, గుంత నింపి, బాయిలో దూకినాయి. మా ఇంటాయన గోనెసంచి నెత్తిన కప్పుకొని వచ్చి చూస్తా నిలబడినాడు. రెండో వానకు బాయి సగానికొచ్చింది. చెట్టుకు రెండు బిందెలని కొలిచి పోయించినా, ఒక్క చుక్క పొర్లనీలేదు. నెల తిరిగేసరికి కొమ్మల చివర ఇగురేసింది. కొన్ని చెట్లు పోయినాయి, ఎక్కువ బతికినాయి. మరుసటేడు కాపుకొచ్చినాయి.

మొన్న పక్కూరి రైతులు చూసేదానికొచ్చినారు. "మేం తవ్వినాం," అని మా ఇంటాయన చెప్తాండాడు.

"మేమంటే ఎవురెవురు?" అని అందరి ముందరే అడిగినా.

గొంతు సవరించుకొని, "అత్తా కోడళ్లు తవ్వినారప్పా. నేను చూసినా," అన్నాడు.

మనిషికొక చీనీకాయ కోసి ఇచ్చినా. కాయ చిన్నదే, రసం మాత్రం నిండుగా ఉండాది.