కారు వెనక్కి నడిచిన రోజు

ఆ వానాకాలమంతా నేను నోరు మూసుకుని ఉన్నానంటే మా బడిలో తోటి టీచర్లెవరూ ఇప్పటికీ నమ్మరు. దానికి కారణం మా పాత కారు. వాగు పొంగిన రోజున నీళ్లలోకి దింపొద్దని నేను అంటూనే ఉన్నాను, మా ఆయన దింపనే దింపాడు. ఇంజను నీళ్లు తాగి బిగుసుకుపోయింది. మర్నాటి నుంచి మా మరిది మోటారుసైకిలు వెనక కూర్చుని బడికి పోవాల్సి వచ్చింది.

అరిగిన మోకాళ్లతో బండి ఎక్కడం ఒక కష్టం. అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. మా పొలానికీ మరిది పొలానికీ మధ్య ఉన్న గట్టు, అతను దున్నిన ప్రతిసారీ కొంచెం మా వైపు జరుగుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు. కానీ రోజూ పొద్దున్నే వాకిట్లో బండి ఆపి "ఎక్కు వదినా" అనే మనిషితో గట్టు సంగతి ఎలా ఎత్తను? అతని భుజం పట్టుకుని కూర్చుని అతన్నే నిలదీయడం నాకు చేతకాలేదు.

మా ఆయనకు రాష్ట్ర సరిహద్దులోని భోపాల్‌పట్నంలో మోటారు వైండింగ్ దుకాణం ఉంది. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఇంజను ఇక పనికిరాదని మెకానిక్ తేల్చేసిన రోజున, అన్నం తింటూ, "కరెంటు మోటారు పెడితే ఎట్లుంటది?" అన్నాడు.

"నీ మోటారు బోరుకాడ కూసొని తిరుగుతది. కారు రోడ్డు మీద పోవాలె."

"మోటారు తిరిగితె సాలు. పోవుడు చక్రాల పని."

నేను బీయస్సీలో ఫిజిక్స్ చదివినదాన్ని. బరువు, వేగం, ఎత్తు అంటూ చాలాసేపు వాదించాను. ఆయన అంతా విని మజ్జిగ పోయమన్నాడు. ఇలాంటి మనిషితో వాదించడంలో సుఖం ఉండదు.

బోర్లలోంచి మోటార్లు పైకి లాగే మూడు కాళ్ల స్టాండును మా వాకిట్లో నిలబెట్టి, గొలుసు వేసి ఇంజను బయటికి లాగాడు. గేరుబాక్సును మాత్రం కదిలించలేదు. పాడైపోయిన కరెంటు ఆటో ఒకదాని మోటారు వరంగల్‌లో దొరికింది. దాన్ని గేరుబాక్సుకు బిగించడానికి ఒక ఇనప పలక కోయించాడు. మొదటి పలకలో రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయింది. మోటారు తిప్పితే బండంతా వణికింది. రెండోది సరిగ్గా కుదిరింది. పెట్రోలు ట్యాంకు తీసి, ఆ చోట బ్యాటరీ పెట్టెకు ఇనప చట్రం బిగించాడు. ఇక బ్యాటరీ రావడమే మిగిలింది.

దాన్ని తీసుకురావడానికి జీపు మాట్లాడుకుని ఇద్దరం వరంగల్ వెళ్లాం. గోదావరి దాటి తిరిగి వస్తుంటే మా ఊరి మలుపుకు ముందున్న తనిఖీ నాకా దగ్గర సిపాయిలు ఆపారు. జీపు వెనక మూత తీసిన సిపాయి రెండడుగులు వెనక్కి వేశాడు. పెట్టె, దాని మీద చుట్టలు చుట్టిన ఎర్రటి లావు తీగలు, లోపల బ్యాటరీ. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే మా వైపు మందుపాతరేననుకుంటారని బడిపిల్లలకు కూడా తెలుసు. నెలల తరబడి ఆ పనిలోనే మునిగి ఉన్న మా ఇద్దరికీ మాత్రం తట్టలేదు.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి. తర్వాత అక్కడికి వచ్చిన హవల్దారు వైపు తిరిగి, "సాబ్, గాడీ మే లగానా హై," అన్నాడు, బండికి బిగించడానికని.

"కౌన్‌సీ గాడీ?"

"ఇంజన్ నహీ హై, సాబ్, ఉస్ గాడీ మే."

ఇంజను లేని బండి అనేసరికి హవల్దారు ముఖం ఇంకా బిగిసింది. పెట్టెను దింపించి ఇసుక బస్తాల అవతల పెట్టించాడు. కుక్కను తెచ్చారు. అది పెట్టెను ఒకసారి వాసన చూసి వచ్చి నా సంచిలోని ఎండుచేపల దగ్గర నిలబడింది. పెట్టె అక్కడే ఉండిపోతే నేను రిటైరయ్యేదాకా మరిది బండి మీదే. ఇక ఆగలేకపోయాను.

"ఇల్లు ఈ మలుపు అవతలే ఉంది," అన్నాను హిందీలో. "మీవాళ్లతోనే పెట్టె పంపండి. బిగిస్తాం. కారు కదలకపోతే పెట్టె మీరే వెనక్కి తెచ్చేసుకోండి."

మా ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. హవల్దారు పెట్టెను మళ్లీ జీపెక్కించి, ఇద్దరు సిపాయిలను వెంటబెట్టుకుని తనే వచ్చాడు.

పెట్టె బిగించడం అయింది. ముందు జాకీ ఎత్తి చక్రాలు గాలిలో తిప్పి చూడమన్నాను.

"తుపాకులు పట్టుకొని నిలబడితె జాకీ ఏందే? ఎక్కు."

కారు నాది కాబట్టి నేనే ఎక్కాను. మొదటి గేరు వేసి నెమ్మదిగా తొక్కాను. చప్పుడు లేకుండా కారు కదిలింది, వెనక్కి. అలాగే వెళ్లి వెనక చక్రాలు పేడకుప్పలో దిగాయి.

హవల్దారు గేరు వైపు, నా వైపు, పేడకుప్ప వైపు చూశాడు. మా ఆయన మాత్రం నవ్వుతూ వచ్చి కిటికీలో తల పెట్టాడు.

"ఉల్టా తిరుగుతాంది, గంతే. బోరుకు కలిపినట్టె కలిపిన, అలవాటుల. రెండు వైర్లు మార్చాలె."

"జాకీ ఎత్తమన్న గదా నేను?"

"అన్నవ్."

ఒప్పుకున్నాడు. పాతికేళ్ల కాపురంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు వైర్లు అటుదిటు మార్చి, ఈసారి జాకీ ఎత్తి చక్రాలు ముందుకే తిరుగుతున్నాయని చూసి దింపాడు. నేను మళ్లీ తొక్కాను. కారు పేడలోంచి బయటపడి, వాకిలి దాటి, చింతచెట్టు దాకా వెళ్లి ఆగింది. బానెట్ మీద చెయ్యి వేసి పక్కనే నడిచి వచ్చిన హవల్దారు, "ఆవాజ్ హీ నహీ హై," అని చప్పుడే లేనందుకు ఆశ్చర్యపోయాడు. సిపాయిలు మా ఇంట్లో చాయ్ తాగారు. వెళ్తూ వెళ్తూ, చప్పుడు లేని బండితో నాకా మీదికి రావద్దనీ, దానికి ముందున్న కల్వర్టు దగ్గర్నుంచే హారన్ కొడుతూ రమ్మనీ హవల్దారు చెప్పాడు. ఇప్పటికీ అలాగే కొడుతున్నాను.

ఆర్టీవో పరీక్ష అయి కాగితాలు చేతికొచ్చాక, మొదటిరోజు పొద్దున్నే మరిది అలవాటుగా బండి తెచ్చి వాకిట్లో ఆపాడు.

"ఎక్కు వదినా."

"వద్దయ్యా. నా కారుంది." తలుపు తీసి కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దం దించాను. "ఇగ చెప్పు. మన గట్టుకు కాళ్లొచ్చినయా ఏంది? మా దిక్కే నడుస్తాంది."

అతను బండి స్టాండు వేశాడు. "ఇన్నాళ్లు నా ఎనక కూసున్నవ్, అప్పుడు అడగకపోతివి."

"నీ ఎనక కూసున్నందుకే అడగలే."

అతను గట్టు తన తాతనాటిదన్నాడు, నేను ఆ తాత మా ఆయనకూ తాతేనన్నాను. అక్కడి నుంచి పాత సంగతులన్నీ బయటికొచ్చాయి. కారు స్టార్ట్ చేసే పెట్టుకున్నాను. ఇంజను మోత లేదు కాబట్టి ఇద్దరికీ అరవాల్సిన అవసరం రాలేదు. ఎన్నో నెలల తర్వాత కడుపునిండా పోట్లాడి బడికి వెళ్లాను.