నార్వేకి దొరికిన పేరు

ఎండాకాలం మధ్యాహ్నం మా గరాజ్ తలుపు పైకెత్తితే ముందు పాత వార్నిష్ వాసన కొడుతుంది. గోడకు ఆనించి ఉన్న పొడవాటి చెక్కది ఆ వాసన. ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబాలో నేను చదివిన స్కూల్ పాత హాలు పడగొట్టేటప్పుడు, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చని దాన్ని బయట పెట్టారు. నేను కారులో ఎక్కించుకుని తెచ్చింది మురిసిపోతూ దాచుకోవడానికి కాదు, పగ తీర్చుకోవడానికి. పక్కనే ఉలి కూడా పెట్టుకున్నాను.

తెనాలి నుంచి ఈ ఊరు వచ్చేసరికి నాకు పదేళ్ళు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా నాలుగంకెలు చేయడం డాడీ ఉద్యోగం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. కొండ మీది ఊరు కనుక చలికాలం పొద్దున్నే పొగమంచు వీధి చివరి ఇళ్ళను కనపడనిచ్చేది కాదు, ఎర్రమట్టి తెల్లసాక్సులకు పట్టి ఎంత ఉతికినా వదిలేది కాదు, సెప్టెంబరు వచ్చేసరికి ఇంటింటి ముందూ పూలే పూలు, క్రిస్మస్‌కేమో మాడిపోయే ఎండలో అమ్మ చెమటలు తుడుచుకుంటూ కజ్జికాయలు వేయించేది. పక్కింటి ఆంటీ పెరట్లో గోంగూర పెంచి, ఎర్రటి కాయలతో జామ్ చేసుకుని ఆకు పారేసేది. ఆ ఆకంతా మా ఇంట్లో పచ్చడయ్యేది. ఇవన్నీ నాకు ప్రేమగానే గుర్తున్నాయి. స్కూల్ మాత్రం అలా గుర్తులేదు.

నా పేరు సువార్త. స్కూల్ ఫారం నింపేటప్పుడు డాడీ మన అలవాటు ప్రకారం మొదటి గడిలో ఇంటి పేరు, తర్వాతి గడిలో నా పేరు రాశారు. ఇక్కడివాళ్ళకు మొదటి గడిలో ఉన్నదే మనిషి పేరు. దాంతో మొదటిరోజు హాజరు పిలిచినప్పుడే నేను బత్తుల అయిపోయాను. పిల్లలు దాన్ని కూడా కత్తిరించి బ్యాటో అన్నారు. టీచరమ్మకు మూడుసార్లు చెప్పాను. ఆవిడ నవ్వి ఆఫీసుకు పంపింది. ఆఫీసావిడ తల కూడా తిప్పలేదు.

"నాట్ టిల్ జాన్యువరి, డార్లింగ్. కంప్యూటర్స్, యు నో."

జనవరి దాటేదాకా రికార్డులు ముట్టుకోరట. ఊరందరి అంకెలూ సరిచేసే డాడీని నా ఒక్క గడి సరిచేయించమని పోరు పెట్టాను.

"ఇంటి పేరేగా పెట్టి పిలిచేది, తిట్టట్లేదు కదమ్మా. ఇంత దూరంలో మన ఇంటి పేరు వినపడతా ఉంటే నాకు బానే ఉంటది," అన్నారు డాడీ.

ఆ ఏడు మా తరగతికి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఒక దేశం, ఆ దేశంలో ఒక సంవత్సరం. టోపీలో చీటీలు వేసి తీయిస్తే నాకు నార్వే, పందొమ్మిది వందల ఇరవై అయిదు వచ్చింది. అందరికంటే బాగా చేసినవాళ్ళ పేరు హాల్లో చెక్కమీద బంగారురంగుతో రాస్తారు. అక్కడ సువార్త అని ఉండాలి. నాకింకేమీ అక్కర్లేదు.

లైబ్రరీలో దుమ్ముపట్టిన పుస్తకాలు ముందేసుకుని నెలరోజులు చదివాను. ఆ ఏడాది ఆరుగురు మనుషులు రెండు విమానాల్లో ఉత్తరధ్రువం వైపు వెళ్ళి మంచుమీద చిక్కుకున్నారు, మూడు వారాలకు పైగా ఆ మంచునే తవ్వి, తొక్కి, చదును చేసి, అందరూ చచ్చిపోయారనుకున్నాక ఒకే విమానంలో తిరిగొచ్చారు. ధ్రువం దగ్గరి దీవులు నార్వే చేతికొచ్చాయి. వీటన్నిటికంటే ముందు, జనవరి ఒకటిన, రాజధాని పేరు మారింది. అప్పటికి మూడువందల ఏళ్ళ కిందట డెన్మార్క్ రాజొకడు ఆ ఊరికి తన పేరు తగిలిస్తే, ఇన్నేళ్ళకు ఓస్లో అనే పాత పేరును మళ్ళీ తెచ్చుకున్నారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

తల్లిదండ్రులందరి ముందు ప్రాజెక్టు వినిపించాను. చివర్లో, ఓస్లోకి దాని పేరు ఇచ్చేశారు, నా పేరు సువార్త, నాదీ నాకివ్వండి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"వెల్ డన్, బత్తుల," అంది.

మర్నాటి నుంచి హాజరు పిలిస్తే పలకడం మానేశాను. ఎదురుగా కూర్చున్నా టీచరమ్మ రాలేదనే వేసుకుంది. పదకొండు రోజులయ్యాక డాడీని పిలిపించారు. ఈ రోజుతో తేలిపోతుందని పొంగిపోయాను. ఆయన పని మధ్యలో వదిలి, టై కట్టుకుని వచ్చి, ఆఫీసావిడ ముందు నిలబడి, "సారీ మేడమ్, ఇట్స్ మై మిస్టేక్," అన్నారు. ఇంటికొచ్చాక, మీవల్లే అని అరిచి తలుపేసుకున్నాను. డిసెంబరులో చెక్కమీద బంగారు అక్షరాలతో బత్తుల అని రాశారు. జనవరిలో కంప్యూటర్లకు ఏమీ కాలేదు. రికార్డులో నా పేరు మార్చారు, చెక్కమీద మార్చలేదు.

పోయిన ఆదివారం ఉలి తీసుకున్నాను. ఆ హాలు లేదు, లైబ్రరీలో ఆ పుస్తకాలు లేవు, గోంగూర పెంచిన ఆంటీ లేదు, డాడీ పోయి నాలుగేళ్ళయింది. ఆయనకు నేనొక్కదాన్నే. పెళ్ళయ్యాక నేను మా ఆయన ఇంటి పేరు రాసుకున్నాను. టీచరమ్మ బతికే ఉందట, ఆవిణ్ణి నేను క్షమించలేదు, క్షమించను. ఉలి మొదటి అక్షరం మీద ఆనించేసరికి మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"మమ్మీ, హూ ఈజ్ బత్తుల?"

మా పుట్టింటి పేరు దానికి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఈ ఊళ్ళో ఆ పేరు డాడీ సమాధి మీదా, ఈ చెక్కమీదా తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఉలి కింద పెట్టేశాను.

"మీ తాతయ్య," అన్నాను.